చందాదారు నుంచి ‘ప్రతులకు’ దాకా: రచయిత, ప్రచురణకర్త, పాఠకుడు

తెలుగు పుస్తకం గురించి ఏ సభలో మాట వచ్చినా మూడు ఫిర్యాదులు వరసగా వినిపిస్తాయి. చదివేవాళ్ళు లేరంటారు ప్రచురణకర్తలు. వేసేవాళ్ళు లేరంటారు రచయితలు. కావలసిన పుస్తకం దొరకడం లేదంటారు పాఠకులు. చదివేవాళ్ళే లేకపోతే దొరకడం లేదని అడిగేది ఎవరు? వేసేవాళ్ళే లేకపోతే ప్రతి ఆదివారం ఏదో ఒక ఊళ్ళో జరుగుతున్న ఆవిష్కరణ సభలు ఎవరివి? ఎవరికి వారు తమ వైపు నుంచి నిజమే చెబుతున్నారు గానీ, మూడు మాటలూ కలిపితే లెక్క కుదరడం లేదు. ఈ వాదన ఇప్పటికి చాలా చిక్కుపడింది. విడదీసి చూడాలంటే ఒక ప్రాంతాన్ని పట్టుకుని మొదటి నుంచీ రావడం మంచిది.

అందుకు కోనసీమ తగిన చోటు. గౌతమి, వసిష్ఠ పాయల మధ్య ఉన్న ఈ లంకల సీమ రచయితలను ఇచ్చింది, పాఠకులనూ ఇచ్చింది. బోయి భీమన్నది మామిడికుదురు, యండమూరి వీరేంద్రనాథ్ పుట్టింది రాజోలు. కానీ ఇక్కడివారి పుస్తకాలు చాలామటుకు రాజమండ్రిలోనో విజయవాడలోనో, మద్రాసు హైదరాబాదుల్లోనో అచ్చయ్యాయి. రాసేవారూ చదివేవారూ ఇక్కడ, వేసేవారు మరోచోట. మూడో మనిషి దూరంగా ఉన్నచోట మిగతా ఇద్దరి మధ్య ఏం జరుగుతుందో ఇక్కడ తేటగా కనిపిస్తుంది. ఈ సమీక్ష కోనసీమ దగ్గర మొదలై, అవసరమైన చోటల్లా రాజమండ్రికీ బయటికీ వెళుతుంది.

కృతిపతి కాలం

అచ్చుకు ముందు ప్రచురణకర్త లేడు, కృతిపతి ఉన్నాడు. కవి కావ్యం రాసి రాజుకో జమీందారుకో అంకితమిచ్చేవాడు. ఖర్చూ, గౌరవమూ, ప్రచారమూ కృతిపతివే. శ్రోతలు ఉండేవారు గానీ ఈ లావాదేవీలో వారికి పాత్ర లేదు.

ఆ సంబంధం ఎప్పుడూ సాఫీగా సాగిందని అనుకోనక్కరలేదు. పిఠాపురం ప్రాంతపు కూచిమంచి జగ్గకవి ‘చంద్రరేఖా విలాపం’ వెనుక ప్రచారంలో ఉన్న కథ అందరికీ తెలిసిందే. చింతలపాటి నీలాద్రిరాజు తన వేశ్య మీద కావ్యం రాయించుకుని, తీరా పుచ్చుకోవలసినప్పుడు మాట తప్పాడట. కవి ఆ కావ్యాన్ని పక్కన పడేసి అదే నాయికానాయకుల మీద బూతు ప్రబంధం రాసి వదిలాడు. రాతపూర్వక ఒప్పందం లేని చోట రచయితకు మిగిలే ఆయుధం తిట్టుకవిత్వమేనని ఈ కథ చెబుతుంది.

అచ్చు వచ్చాక కూడా ఈ పద్ధతి వెంటనే పోలేదు. పిఠాపురం మహారాజా పోషణలో తయారైన ‘సూర్యరాయాంధ్ర నిఘంటువు’ మొదటి సంపుటం 1936లో వెలువడింది. అంత పెద్ద పని మార్కెట్టును నమ్ముకుని జరిగేది కాదు. ఈనాటికీ పుస్తకం మొదటి పేజీలో ముద్రణకు సాయపడిన దాత ఫొటో కనిపిస్తే అది కృతిపతి సంప్రదాయానికి కొనసాగింపే.

అచ్చు, పత్రిక, చందా

గోదావరి జిల్లాలో రచయిత, ప్రచురణకర్త ఒకే మనిషిగా మారడం కందుకూరి వీరేశలింగంతో మొదలైంది. 1874లో ఆయన ‘వివేకవర్ధని’ పెట్టినప్పుడు అది మొదట మద్రాసులో అచ్చయ్యేది. దూరాన ఉన్న అచ్చుకూటంతో పడలేక సొంత అచ్చుకూటం ఏర్పాటు చేసుకున్నారు. ‘రాజశేఖర చరిత్రము’ మొదట ఆ పత్రికలోనే భాగాలుగా వచ్చి, 1880లో పుస్తకమైంది. ఆ నవలకు తొలి పాఠకుడు పుస్తకం కొన్నవాడు కాదు, పత్రికకు చందా కట్టినవాడు.

తర్వాత రాజమండ్రిలోనే న్యాపతి సుబ్బారావు పంతులు ‘చింతామణి’ పత్రిక తరఫున నవలల పోటీలు పెట్టారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం ‘రామచంద్ర విజయం’ 1894లో అలా బహుమతి పొందింది. పోటీ పెట్టి రాయించడం, బహుమతి ఇచ్చి అచ్చువేయడం అనే పద్ధతి మన పత్రికలకు అప్పటినుంచీ అలవాటైంది.

1906లో మొదలైన విజ్ఞాన చంద్రికా మండలి ఈ చందా పద్ధతిని పుస్తకాలకు తెచ్చింది. కొమర్రాజు లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు దీని వెనుక ఉన్నారు. మండలికి శాశ్వత చందాదారులు ఉండేవారు. పుస్తకం అచ్చు కాకముందే ఎన్ని ప్రతులు ఎవరికి వెళ్ళాలో తెలిసేది. చరిత్ర, విజ్ఞాన శాస్త్రం వంటి విషయాలపై వరసగా పుస్తకాలు వేయగలిగారంటే ఆ ధీమాతోనే.

ఆ ధీమా లేకుండా నడిచినవారూ ఉన్నారు. పొలమూరులో పుట్టిన శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి రాజమండ్రిలో ‘ప్రబుద్ధాంధ్ర’ పత్రిక నడిపారు. రచయితే సంపాదకుడు, సంపాదకుడే ప్రచురణకర్త. అలాంటి చోట రచనకు స్వేచ్ఛ ఉంటుంది, జీవికకు భరోసా ఉండదు. ఈ రెంటిలో ఏది ముఖ్యమన్న చర్చ ఆనాడే మొదలైంది.

గ్రంథాలయం, వేదిక

చందా కట్టలేనివాడి మాటేమిటి? ఈ ప్రశ్నకు గోదావరి ప్రాంతం రెండు రకాల జవాబులు చెప్పింది.

మొదటిది గ్రంథాలయం. రాజమండ్రిలో నాళం కృష్ణారావు 1898లో తన గురువు వడ్డాది సుబ్బారాయుడి పేరిట వాసురాయ గ్రంథాలయం పెట్టారు. అది తర్వాత రత్నకవి గ్రంథాలయంతో కలిసి గౌతమీ గ్రంథాలయమైంది. 1914 ఏప్రిల్‌లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో జరిగిన తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభకు అధ్యక్షుడు చిలకమర్తి. రచయితే గ్రంథాలయోద్యమానికి ముందు నిలవడం గమనించాలి. తన పుస్తకం చదివేవాడు ఎక్కడ తయారవుతాడో ఆయనకు తెలుసు. కృష్ణా డెల్టాలో 1935లో పాతూరి నాగభూషణం కాలువ మీద పడవ గ్రంథాలయం నడపడం కూడా ఇదే ఆలోచనకు మరో రూపం.

ఊరి గ్రంథాలయం కొనే ఒక్క ప్రతిని పదుల మంది చదువుతారు. ప్రచురణకర్త లెక్కలో అది ఒక్క అమ్మకం. రచయిత లెక్కలో పదుల పాఠకులు. ఈ రెండు లెక్కల మధ్య తేడా ఇప్పటికీ చర్చలో కలగాపులగమవుతూనే ఉంది. ‘పుస్తకాలు అమ్ముడుపోవడం లేదు’ అన్నదాన్ని ‘ఎవరూ చదవడం లేదు’ అని అనువదించుకుంటున్నాం.

రెండో జవాబు వేదిక. గ్రంథాలయ గడప దాటడమే కష్టమైన కులాలవారికి పుస్తకం పుస్తకంగా చేరలేదు, పాటగా నాటకంగా చేరింది. రాజమండ్రికి చెందిన కుసుమ ధర్మన్న ‘మాకొద్దీ నల్లదొరతనము’ 1921 నాటిది. ఆయనే ‘జయభేరి’ పత్రిక నడిపారు. భీమన్న ‘పాలేరు’ నాటకాన్ని గోదావరి జిల్లాల్లో ఊరూరా ఆడారు. చూసినవారిలో ఎందరో అక్షరం రానివారు. వారిని పాఠకులుగా లెక్కించాలా వద్దా? సాహిత్య చరిత్రలు లెక్కించాయి. ప్రచురణ చరిత్రలు లెక్కించలేదు. పాఠకుడంటే పుస్తకం కొన్నవాడేనన్న నిర్వచనం ఎంత ఇరుకైనదో తెలియడానికి ఈ ఒక్క నాటకం చాలు.

వారపత్రికల రాజ్యం

1950ల నుంచి 1990ల దాకా తెలుగు పాఠకుణ్ణి పెంచింది పుస్తకాల షాపు కాదు, పత్రిక. ‘ఆంధ్రపత్రిక’, ‘ఆంధ్రప్రభ’, ‘ఆంధ్రజ్యోతి’ వారపత్రికలు, ‘జ్యోతి’, ‘యువ’, ‘స్వాతి’ మాసపత్రికలు, 1984 నుంచి ‘స్వాతి’ వారపత్రిక, వీటిలో ధారావాహికలు. చిన్న పట్టణాల్లో వారపత్రిక ఒక ఇంట్లో కొంటే నాలుగిళ్ళు తిరిగేది. సీరియల్ పేజీలను జాగ్రత్తగా చించి, కుట్టించి, అట్ట వేయించుకోవడం ఇల్లాళ్ళ అలవాటు. అద్దె పుస్తకాల షాపులో రోజుకింత అని కట్టి నవల తెచ్చుకునేవారు. ఆ నవల మొదటి పేజీ చిరిగి, షాపు రబ్బరు ముద్రలు పడి, మధ్యలో ఎవరో గీసిన గీతలతో పదిమంది చేతులు మారి ఉండేది.

పత్రిక, కుట్టించుకున్న సీరియల్, అద్దె నవల, ఈ మూడింటిలో రచయితకు డబ్బు వచ్చేది ఒక్క పత్రిక నుంచే. అద్దె షాపు నుంచి పైసా రాదు. అయినా రచయితలు అద్దె షాపుల మీద పెద్దగా గొడవ పడలేదు. అక్కడ పేరు తిరుగుతుంటే తర్వాతి సీరియల్‌కు గిరాకీ పెరుగుతుంది కనుక.

రాజోలు నుంచి వచ్చిన యండమూరి ఈ యుగానికి శిఖరం. చార్టర్డ్ అకౌంటెంట్ అయిన మనిషి ‘తులసిదళం’ వంటి ధారావాహికలతో పత్రికల సర్క్యులేషన్నే ప్రభావితం చేశారు. పాఠకుడి నాడి పట్టుకుని రాయడం, నవలను సరుకుగా కూడా చూడటం తప్పు కాదన్న వైఖరి ఆ కాలంలో బలపడింది. దానికి ఎదురుగా ‘క్షుద్ర సాహిత్యం’ అన్న విమర్శ లేచింది. పాఠకులు కోరిందే ఇస్తున్నామని ఒక పక్షం, ఆ కోరికను తయారుచేస్తున్నది మీరేనని మరో పక్షం. ఈ వాదంలో రెండు పక్షాలూ ఒప్పుకున్న విషయం ఒకటుంది: చదివేవారు లక్షల్లో ఉన్నారు. ఆ ఒప్పుదల ఇప్పుడు లేదు.

గోదావరి కాలువ గట్టు ఊరు పసలపూడి నుంచి వచ్చిన వంశీ ‘మా పసలపూడి కథలు’ కూడా ‘స్వాతి’ వారపత్రికలో బాపు బొమ్మలతో వచ్చి, తర్వాత పుస్తకమై నిలబడ్డాయి. ముందు పత్రిక, తర్వాత పుస్తకం అన్న దారి 2000ల దాకా తెరిచే ఉందనడానికి అది సాక్ష్యం.

ఇదే కాలంలో ఎమెస్కో పాకెట్ పుస్తకాలతో ‘ఇంటింటా సొంత గ్రంథాలయం’ పథకం నడిపింది. నెలనెలా కొంత కట్టే సభ్యుల ఇంటికి పుస్తకాలు చేరేవి. విజ్ఞాన చంద్రిక నాటి చందా పద్ధతే పల్లెటూరి మధ్యతరగతి దాకా విస్తరించిందన్నమాట. విశాలాంధ్ర తన షాపుల ద్వారానూ, 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ అనువాదాల ద్వారానూ వేరే రకం పాఠకుణ్ణి తయారుచేశాయి. వీటి వెనుక ఉన్నది వ్యాపారం కన్నా ఒక సామాజిక లక్ష్యం.

ఆ తర్వాత దారి మూసుకుపోతూ వచ్చింది. 2020లో కోవిడ్‌తో ‘నవ్య’, ‘ఆంధ్రభూమి’ వారపత్రికలు ఆగాయి. నెలకో నవల ఇచ్చిన ‘చతుర’, కథలిచ్చిన ‘విపుల’ 2021లో నిలిచిపోయాయి. రచయితకు పారితోషికమిచ్చి, పాఠకుణ్ణి వెతికిపెట్టే పని ఒకేసారి చేసిన వ్యవస్థ కుంచించుకుపోయింది. ఇప్పటి వాదోపవాదాలన్నీ ఈ ఖాళీలోంచి పుట్టినవే.

ఒక పుస్తకం, దాని లెక్క

ఇప్పుడు వస్తున్న ఏ తెలుగు కథల సంపుటినైనా తీసి మూడో పేజీ చూడండి. ప్రచురణ సంస్థ పేరు చోట రచయిత తల్లిదో భార్యదో పేరు మీద పెట్టిన ‘ప్రచురణలు’ ఉంటాయి. కింద ‘ప్రథమ ముద్రణ’, ‘ప్రతులు: 500’, ‘వెల’. ఆ కింద ‘ప్రతులకు’ అన్న శీర్షికతో రచయిత ఇంటి చిరునామా, ఫోన్ నంబరు, చివర విజయవాడ హైదరాబాదుల్లోని ఒకటి రెండు పుస్తకాల షాపులు. అంటే రాయడం, డీటీపీ చేయించడం, ప్రూఫులు దిద్దడం, అచ్చువేయించడం, కట్టలు ఇంట్లో పెట్టుకోవడం, పోస్టులో పంపడం, డబ్బు వసూలు చేయడం అన్నీ రచయిత పనులే.

లెక్క ఇలా వేసుకోవచ్చు. 200 రూపాయల వెలతో 500 ప్రతులు వేశారనుకుందాం. అన్ని ఖర్చులూ కలిపి 45,000 రూపాయలనుకుందాం. షాపులకూ పంపిణీదారులకూ సగటున 40 శాతం కమిషన్ పోతే ప్రతికి 120 రూపాయలు చేతికొస్తాయి. మొత్తం 500 అమ్ముడైతే 60,000. పది శాతం రాయల్టీ కింద 10,000 తీసేస్తే 5,000 మిగులుతుంది. 300 మాత్రమే అమ్ముడైతే వచ్చేది 36,000. రాయల్టీ మాట దేవుడెరుగు, 9,000 నష్టం. ఇక ఆవిష్కరణ సభలో పంచిన ప్రతులు, పత్రికలకు సమీక్షకు పంపినవి, మిత్రులకిచ్చినవి ఈ 500లోంచే పోవాలి.

అదే పుస్తకాన్ని 200 మంది పాఠకులు ముందే 160 రూపాయల చొప్పున కట్టి తీసుకుంటే 32,000 చేతికొస్తుంది. షాపుల ద్వారా ఇంకో 150 అమ్ముడైతే 18,000. మొత్తం 50,000. అమ్ముడైంది 350 ప్రతులే అయినా ఖర్చు గట్టెక్కింది, రాయల్టీలో చాలా భాగం కూడా వచ్చింది. అంకెలు ఊహించుకున్నవే గానీ, వాటి మధ్య సంబంధం ఊహ కాదు. తెలుగు పుస్తకం బతకడానికి వేలమంది అక్కరలేదు, ముందే మాటిచ్చిన రెండొందల మందికి షాపుల్లో కొనే నూటయాభై మంది తోడైతే చాలన్నది ఇందులో తేలే విషయం.

పన్నుల వైపు చూస్తే, అచ్చయిన పుస్తకం మీద జీఎస్టీ లేదు. కానీ అచ్చువేసే కాగితం మీద ఉంది. పుస్తకానికి పన్ను లేనందువల్ల ముందు కట్టిన పన్నును రాబట్టుకునే వీలు ప్రచురణకర్తకు లేదు. మినహాయింపు పేరుకే పూర్తి మినహాయింపు.

నాలుగు వాదాలు

ఇప్పటి పరిస్థితికి కారణమేమిటన్న దానిపై ప్రధానంగా నాలుగు ఆలోచనలు కనిపిస్తాయి.

*పాఠకులు తగ్గారన్న వాదం.* మొదట టీవీ, తర్వాత ఫోన్, వీటితోపాటు ఇంగ్లీషు మీడియం చదువు. తెలుగు మాట్లాడగలిగి చదవలేని తరం వచ్చిందని వీరి బాధ. ఇందులో నిజం ఉంది. కానీ ఏటా జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం, డిసెంబరు ప్రాంతంలో హైదరాబాద్ పుస్తక ప్రదర్శన కిటకిటలాడటాన్ని ఈ వాదం వివరించలేదు.

*ప్రచురణకర్త కనుమరుగయ్యాడన్న వాదం.* వెనుకటి ప్రచురణకర్త డబ్బు పెట్టేవాడు, ఎంపిక చేసేవాడు, దిద్దించేవాడు. ఇప్పుడు చాలాచోట్ల రచయిత డబ్బుతోనే అచ్చువేసి పేరు తగిలిస్తున్నారని వీరి ఆరోపణ. ఎడిటింగ్ లేకపోవడం వల్ల నాణ్యత పడిపోయిందంటారు. దీనికి ప్రచురణకర్తల జవాబు కూడా బలమైనదే: పాఠ్యపుస్తకాల అచ్చు ప్రభుత్వం చేతికి వెళ్ళాక, గ్రంథాలయ కొనుగోళ్ళు నిలకడగా లేనప్పుడు, సాహిత్యం మీద పెట్టుబడి పెట్టమని అడగడం న్యాయమేనా?

*పంపిణీయే అసలు రోగమన్న వాదం.* పుస్తకం ఉంది, చదివేవాడూ ఉన్నాడు, మధ్య దారి లేదంటారు వీరు. రాజోలులో ఉన్న పాఠకుడు కొత్త నవల చూసి, రెండు పేజీలు తిరగేసి, కొనాలో వద్దో తేల్చుకోవాలంటే రాజమండ్రికో కాకినాడకో వెళ్ళాలి. లెక్కలు తెలియకపోవడం రెండో సమస్య. అంబాజీపేట మార్కెట్లో కొబ్బరి దింపు తీసిన రైతుకు వెయ్యి కాయల ధర ఆ రోజే తెలుస్తుంది. షాపుకు యాభై ప్రతులిచ్చిన రచయితకు ఎన్ని పోయాయో ఏడాదికైనా తెలియదు.

*రచయితలే పాఠకుణ్ణి వదిలేశారన్న వాదం.* పత్రిక పోయాక రచయితకు పాఠకుడి ఉత్తరం అందడం ఆగింది. అవార్డుల కమిటీలు, సాటి రచయితలు, వాట్సాప్ గుంపులు పాఠకుల చోటు తీసుకున్నాయని వీరంటారు. దీనికి ఎదురు మాట: స్త్రీవాద, దళిత, ముస్లిం, ప్రాంతీయ సాహిత్యాలు వచ్చింది సంఖ్యలో కొద్దిమందికైనా కొత్త పాఠకులను సృష్టించడానికే. గౌతమికి అవతలి ఒడ్డున యానాంలో పుట్టిన శిఖామణి వంటి కవులు పెద్ద సర్క్యులేషన్ లేకుండానే తమ పాఠకులను సంపాదించుకున్నారు.

పోల్చి చూస్తే తేడా ఇలా కనిపిస్తుంది:

- మొదటి వాదం తప్పు పాఠకుడిదంటుంది. మందు బడిలో తెలుగు.
- రెండో వాదం తప్పు ప్రచురణకర్తదంటుంది. మందు పెట్టుబడి, ఎడిటింగ్.
- మూడో వాదం తప్పు మధ్య వ్యవస్థదంటుంది. అందుకు మందు పుస్తకాల షాపులు, గ్రంథాలయాలు, తపాలా.
- నాలుగో వాదం తప్పు రచయితదంటుంది. మందు పాఠకుడితో మళ్ళీ మాట కలపడం.

మొదటి వాదానికి మందు ఫలించాలంటే ఒక తరం పడుతుంది. మూడో దానికి ఏడాది రెండేళ్ళు చాలు. చర్చంతా మొదటి దాని చుట్టూనే తిరగడం మన దురదృష్టం.

ఇతర దక్షిణాది రాష్ట్రాల్లో

కేరళ రచయితలు 1945లో కొట్టాయంలో సాహిత్య ప్రవర్తక సహకార సంఘం పెట్టుకున్నారు. రచయితలే సభ్యులు, ప్రచురణ వారిదే, అమ్మకపు షాపులు వారివే. రాయల్టీ హక్కుగా అందడం అక్కడ అలవాటయింది.  తమిళనాడులో ప్రచురణకర్తల, పుస్తక విక్రేతల సంఘం 1977 నుంచి చెన్నై పుస్తక ప్రదర్శన నడుపుతోంది. సుబ్రహ్మణ్య భారతి రచనల హక్కులను ప్రభుత్వమే తీసుకుని ప్రజలపరం చేసింది.

ఈ రెండు ఉదాహరణలనూ యథాతథంగా దించుకోలేం. మలయాళంలో గ్రంథాలయ సంఘాల బలం వేరు, తమిళంలో భాషాభిమాన రాజకీయం వేరు. అయినా ఒక విషయం తేటతెల్లం. అక్కడ సంస్థలు నిలిచాయి, ఇక్కడ వ్యక్తులు నిలిచారు. వీరేశలింగం తర్వాత అచ్చుకూటం, కొమర్రాజు తర్వాత మండలి అదే ఊపుతో సాగలేదు.

కొత్త దారులు

డిజిటల్ ముద్రణ వచ్చాక 50 ప్రతులు కూడా వేయించుకోవచ్చు. అన్వీక్షికి, ఛాయ వంటి కొత్త సంస్థలు ఫేస్‌బుక్, వాట్సాప్ ద్వారా ప్రకటించి, ఫోన్‌లోనే డబ్బు తీసుకుని, పుస్తకం నేరుగా పంపే పద్ధతిని అలవాటు చేశాయి. వీటి చుట్టూ యువ పాఠకులు చేరారు. ప్రీ ఆర్డర్ అన్న కొత్త పేరుతో తిరిగొచ్చింది పాత చందాయే.

ఈ-పుస్తకాల విషయంలో తెలుగు వెనుకబడింది. 2016 చివర్లో కిండిల్ హిందీ, మరాఠీ, గుజరాతీ, తమిళ, మలయాళ భాషలకు తలుపు తీసినప్పుడు ఆ జాబితాలో తెలుగు లేదు. కినిగె వంటి తెలుగు వేదికలు, ప్రతిలిపి వంటి యాప్‌లు, దాసుభాషితం వంటి శ్రవణ పుస్తకాలు ఆ లోటును కొంత పూడ్చాయి. కానీ యాప్‌లో చదివే లక్షల మందికీ, పుస్తకం కొనే వందల మందికీ మధ్య వంతెన ఇంకా పడలేదు.

తేలని ప్రశ్నలు

ఒప్పందం మొదటిది. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదలాయింపు రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్ళో రాయకపోతే అయిదేళ్ళే చెల్లుతుంది. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. వేరే షరతు లేకుంటే, ఏడాదిలోగా హక్కును వాడుకోని ప్రచురణకర్తకు ఆ హక్కు పోతుంది. ఇవన్నీ రచయితకు రక్షణలే. తెలుగులో చాలా పుస్తకాలు నోటిమాట మీద వెలువడుతున్నందున ఈ రక్షణలు ఎవరికీ గుర్తుకు రావు. నోటిమాట నమ్మకానికి గుర్తన్నది ఒక పక్షం, రాత పడితే నమ్మకం పోదన్నది మరో పక్షం.

రెండోది పాత పుస్తకాల పీడీఎఫ్‌లు. రచయిత మరణించాక 60 ఏళ్ళదాకా హక్కు వారసులది. 1961లో మరణించిన శ్రీపాద రచనలు 2022 జనవరి 1 నుంచి అందరివీ. 2005లో మరణించిన భీమన్న రచనల మీద హక్కు 2065 చివరిదాకా ఉంటుంది. అచ్చులో లేని పుస్తకాన్ని స్కాన్ చేసి పంచితే అది దొంగతనమా, రక్షణా? చట్టం జవాబు స్పష్టం. పాఠకుల జవాబు వేరు. వారసుల చిరునామా దొరకని పుస్తకాలకు రెండు జవాబులూ సరిపోవు.

మూడోది గ్రంథాలయ పన్ను. 1960 నాటి చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయాలకు చెందుతుంది. అంటే అమలాపురంలో ఇల్లున్న ప్రతివాడూ, పుస్తకం ముట్టినా ముట్టకపోయినా, గ్రంథాలయానికి చందాదారే. ఆ సొమ్మును స్థానిక సంస్థలు సకాలంలో జమచేయడం లేదనీ, పుస్తకాల కొనుగోలు ఏటా క్రమంగా జరగడం లేదనీ పాత ఫిర్యాదు. ఏ పుస్తకాలు కొనాలో ఎవరు నిర్ణయించాలన్నది అంతకన్నా పాత తగవు.

నాలుగోది తపాలా. పుస్తకాల షాపు లేని ఊరికి తపాలాయే షాపు. 2024 డిసెంబరులో రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ ఆగిపోయినప్పుడు చిన్న ప్రచురణకర్తలు గగ్గోలు పెట్టింది అందుకే. 2025 మే 1 నుంచి వచ్చిన జ్ఞాన్ పోస్ట్‌లో 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకు 100 రూపాయలు, పన్నులు అదనం. విద్య, సంస్కృతి, సమాజం, మతం కిందికి వచ్చే అచ్చు పుస్తకాలకు ఈ సౌకర్యం. ఒక థ్రిల్లర్ నవల ఏ తరగతిలోకి వస్తుందో కౌంటర్‌లో గుమాస్తా తేల్చాలి.

తేలిన మాట

నూట యాభై ఏళ్ళ ఈ చరిత్రలో ఒక వరస కనిపిస్తుంది. పాఠకుడు అచ్చుకు ముందే చెయ్యి వేసినప్పుడల్లా తెలుగు పుస్తకం నిలబడింది. వివేకవర్ధని చందాదారు, విజ్ఞాన చంద్రిక సభ్యుడు, వారపత్రిక పాఠకుడు, ఇంటింటా గ్రంథాలయం సభ్యురాలు, గ్రంథాలయ పన్ను కట్టే గృహస్థు, ప్రీ ఆర్డర్ చేసే యువకుడు, వీరంతా ఒకే పని చేశారు. పాఠకుడి కోసం అచ్చయ్యాక వెతకడం మొదలుపెట్టినప్పుడల్లా కట్టలు అటక మీదికి చేరాయి. ముందు చందాకు కూడా పరిమితి ఉంది. అది కట్టగలిగినవాడి రుచినే ప్రతిబింబిస్తుంది. ‘పాలేరు’ను కళ్ళతో చదివిన జనం ఏ చందా జాబితాలోనూ లేరు. ఆ లోటు తీర్చగలిగింది ప్రజల సొమ్ముతో నడిచే గ్రంథాలయమే. అందుకే రెండూ కావాలి, ఒకటి రెండోదానికి ప్రత్యామ్నాయం కాదు.

చేయవలసినవి పెద్ద పనులేమీ కావు. రచయిత ఒక్క పేజీ ఒప్పందం రాయించుకోవాలి. ప్రచురణకర్త ఏడాదికోసారి అమ్మకాల లెక్క రచయితకు పంపాలి. ఊరి శాఖా గ్రంథాలయం ఏటా కొన్న పుస్తకాల జాబితాను గోడకు అంటించాలి. కోనసీమ పాఠకుడు తన మండల గ్రంథాలయానికి వెళ్ళి ఆ జాబితా అడగాలి. పన్ను కట్టినవాడికి ఆ హక్కు ఉంది.